పంటికి టోపీ... మన నెత్తికి కాదు!

మన దగ్గర 'టోపీ పెట్టాడు' అంటే ఒకటే అర్థం. మోసం చేశాడని. అందుకేనేమో, పళ్ల డాక్టరు 'రూట్ కెనాల్ అయిపోయింది, ఇక క్యాప్ వేయించుకోండి' అనగానే మనవాళ్లకు ఎక్కడో అనుమానం మొదలవుతుంది. నొప్పి పోయింది, పన్ను ఉంది, తింటున్నాం. మళ్లీ ఐదారు వేలు దేనికి?

ఇంకో వైపు కథ దీనికి పూర్తిగా రివర్స్. ఫోన్లో రీల్స్ చూసి, గట్టిగా ఉన్న పళ్లను కూడా అరగదీయించుకుని తెల్లటి క్యాప్‌లు తొడిగించుకునేవాళ్లు. వాళ్లకు ఏ అనుమానమూ రాదు. ఫొటోలో నవ్వు బాగుంటే చాలు.

మా ఇంట్లో ఏడాదిన్నరలో ఈ క్యాప్ పంచాయితీ మూడుసార్లు నడిచింది. ఒకరికి అవసరం ఉన్నా వేయించుకోలేదు. ఒకరికి అవసరమై వేయించుకున్నారు, ఆ ఒకరు నేనే. ఇంకొకరికి అవసరం లేకుండానే వేయబోయారు. ఈ మూడూ చూశాక నాకు అర్థమైంది ఒక్కటే: క్రౌన్ బలహీనమైన పన్నును కాపాడే వస్తువు. అవసరమైన పంటికి దాన్ని ఎగ్గొట్టినా నష్టమే, అవసరం లేని పంటికి తగిలించినా నష్టమే.

అసలు క్రౌన్ అంటే ఏంటి?

క్రౌన్, క్యాప్, తొడుగు, టోపీ... పేర్లు నాలుగు, వస్తువు ఒకటే. చిగురు పైన కనిపించే పన్ను మొత్తాన్ని చుట్టూ కప్పేసే గట్టి కవచం. వేరు మనదే, లోపలి మొద్దు మనదే. పైన చొక్కా మాత్రమే కొత్తది.

ఎముక విరిగితే కట్టు కడితే అతుక్కుంటుంది. చర్మం తెగితే మానిపోతుంది. పంటి మీద ఉండే ఎనామిల్ అలా కాదు. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. కానీ ఒక్కసారి పోతే మళ్లీ పుట్టదు. దాన్ని తయారు చేసే కణాలు పన్ను బయటికొచ్చే నాటికే మాయమైపోతాయి. అందుకే డాక్టరు పన్నును బాగుచేయగలరు కానీ, పోయిన భాగాన్ని తిరిగి మొలిపించలేరు.

గుంట చిన్నదైతే ఫిల్లింగ్ చాలు. కానీ పుచ్చు లోపలంతా తినేసి, చుట్టూ పల్చటి గోడలే మిగిలితే? ఎద్దుల బండి చక్రం గుర్తు తెచ్చుకోండి. చెక్కలు ఎంత బాగా బిగించినా, చుట్టూ ఇనప పట్టా లేకపోతే బరువు పడగానే విచ్చుకుపోతుంది. క్రౌన్ చేసే పని సరిగ్గా అదే. పంటి గోడలు విడిపోకుండా చుట్టూ పట్టి ఉంచుతుంది. ఈ పట్టును డాక్టర్లు 'ఫెర్రూల్' అంటారు. అది దొరకాలంటే చిగురు పైన చుట్టూతా సుమారు ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలుండాలి. అదీ లేకపోతే ఎంత ఖరీదైన క్రౌన్ అయినా నిలవడం కష్టం.

చిన్నాయన, ఒక శెనక్కాయ

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా చిన్నాయనకు కింది దవడ పన్ను పుచ్చి, రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసింది. రూట్ కెనాల్ చేశారు. మూడు సిట్టింగులు. నొప్పి మాయం. పైన ఫిల్లింగ్ పెట్టి, 'వారం పది రోజుల్లో రండి, క్యాప్ కొలతలు తీసుకుందాం' అని చెప్పి పంపారు.

చిన్నాయన మళ్లీ ఆ దారి తొక్కలేదు. నేను ఫోన్ చేసి అడిగితే, "నొప్పి పాయె గదప్పా, ఇంగ టోపీ దేనికి? వాళ్లకు దుడ్లు గావాల, అంతే" అన్నాడు.

ఏడు నెలలు ఏమీ కాలేదు. ఓ సాయంత్రం వేయించిన శెనక్కాయలు తింటుంటే 'టక్'మంది. పన్ను నిలువునా రెండు చెక్కలైంది. చీలిక వేరు దాకా పోయింది. ఇక క్యాప్ వేయడానికి ఏమీ మిగల్లేదు. పీకేయాల్సి వచ్చింది. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బూ పోయింది, పన్నూ పోయింది. ఆ ఖాళీ నింపాలంటే ఇంప్లాంట్ కానీ, అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి బ్రిడ్జి కానీ పెట్టాలి. రెండూ క్యాప్ కంటే ఖర్చే.

ఎందుకిలా అయింది? 'రూట్ కెనాల్ చేస్తే పన్ను చచ్చిపోయి పెళుసు బారుతుంది' అని చాలామంది అంటారు. అసలు కారణం అంతకంటే సింపుల్. పుచ్చు అప్పటికే సగం తినేసింది. మిగిలిన దాని పైకప్పుకు రంధ్రం చేస్తే కానీ డాక్టరు లోపలి నరం దాకా వెళ్లలేరు. దూలం తీసేసిన మిద్దె లాంటిది ఆ పన్ను. దవడ పళ్ల మీద నమిలేటప్పుడు పడే బరువు మామూలుది కాదు. గట్టి గింజ ఒకటి మధ్యలో మేకులా దిగితే చాలు, గోడలు చెరో పక్కకు విచ్చుకుంటాయి.

అమెరికాలో 2002లో అచ్చైన ఒక పరిశోధన ఈ లెక్క తేల్చింది. రూట్ కెనాల్ తర్వాత క్రౌన్ వేయని పళ్లు, వేసిన వాటితో పోలిస్తే 6 రెట్లు ఎక్కువ వేగంగా ఊడిపోయాయి.

అలాగని రూట్ కెనాల్ అయిన ప్రతి పంటికీ టోపీ తప్పదని కాదు. ముందు పన్ను అయి, రంధ్రం చిన్నదై, మిగతా పన్నంతా గట్టిగా ఉంటే ఫిల్లింగ్‌తో సరిపెట్టొచ్చు. దవడ పళ్ల దగ్గర మాత్రం ఆలస్యం పనికిరాదు. నొప్పి లేదంటే పన్ను గట్టిపడిందని కాదు. నరం తీసేశారు కాబట్టి, విరిగేదాకా పన్ను మనకు చెప్పదు.

నా వంతు వచ్చింది

నేను కర్నూల్లో ఉద్యోగం. ఓ మధ్యాహ్నం మెస్సులో అన్నం తింటుంటే రాయి తగిలి, పాత ఫిల్లింగ్ ఉన్న దవడ పన్ను ఒక మూల ఎగిరిపోయింది. నొప్పి పెద్దగా లేదు, చల్లనీళ్లు తాగితే మాత్రం జివ్వుమనేది.

డాక్టరు ఎక్స్‌రే తీసి, అద్దంలో చూపించి చెప్పారు: "నరం బాగుంది. రూట్ కెనాల్ అక్కర్లేదు. కానీ ఫిల్లింగ్ పెట్టడానికి గోడ లేదు. క్రౌన్ వేద్దాం." రూట్ కెనాల్ లేకుండా కూడా క్రౌన్ వేస్తారని నాకు అప్పుడే తెలిసింది. ముందే వేస్తే లోపలి నరాన్ని కాపాడుకునే అవకాశం ఉంటుందట.

భయపడేవాళ్ల కోసం, లోపల ఏం జరుగుతుందో వరుసగా చెప్తా.

మొదటి రోజు మత్తు సూది ఇచ్చారు. పాత ఫిల్లింగ్ తీసి, కొత్త సిమెంటుతో లోపలి మొద్దును నిలబెట్టారు. తర్వాత పన్నును చుట్టూ, పైనా అరగదీశారు. క్రౌన్ కూర్చోవాలంటే దానికి చోటు కావాలి కదా. ఏ మెటీరియల్ అన్నదాన్ని బట్టి ఒకటి నుంచి 2 మిల్లీమీటర్ల దాకా తీస్తారు. నొప్పి తెలీదు కానీ, ఆ మిషన్ చప్పుడు మాత్రం చెవుల్లో అరగంట ఉంటుంది.

తర్వాత కొలత. మెత్తటి పిండి లాంటి పదార్థం నింపిన ట్రే నోట్లో పెట్టి అచ్చు తీశారు. కొన్ని క్లినిక్కుల్లో ఇప్పుడు చిన్న కెమెరా నోట్లో తిప్పి, త్రీడీ బొమ్మే తీసేస్తున్నారు. పక్క పళ్ల రంగుతో పోల్చి షేడ్ ఎంచుకున్నారు. అచ్చు ల్యాబ్‌కు వెళ్లింది. అది వచ్చేదాకా తాత్కాలిక క్యాప్ పెట్టారు. దానితో చూయింగ్ గమ్, బంక మిఠాయి లాంటివి వద్దన్నారు.

వారం తర్వాత రెండో సిట్టింగు. అసలు క్రౌన్ పెట్టి, నీలి కాగితం కొరికించి, ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసి సరిచేశారు. ఈ పని తొందరపడి వదిలేయొద్దు. క్రౌన్ వెంట్రుకంత ఎత్తున్నా ప్రతి ముద్దకూ దెబ్బ దానికే తగులుతుంది. ఇంటికెళ్లాక 'కొరికితే ముందు ఇదే తగులుతోంది' అనిపిస్తే సర్దుకుపోకండి. మళ్లీ వెళ్లి చెప్పండి. అది ఐదు నిమిషాల పని.

ఏ క్యాప్? ఎంతకు?

ప్రొద్దుటూరు అంటేనే బంగారం అంగళ్లు. మా అవ్వల కాలంలో బంగారు పన్ను అంటే హోదా. నిజానికి బంగారం క్రౌన్‌కు చాలా మంచి లోహం కూడా. ఎదుటి పన్నును పెద్దగా అరగదీయదు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఇప్పటి ధరకు దాని పేరెత్తేవాళ్లు తక్కువ. మనకు వినపడేవి ఈ మూడే.

మెటల్ క్యాప్: వెండి రంగులో ఉంటుంది. చవక, గట్టిది, పన్నును తక్కువ అరగదీస్తే సరిపోతుంది. కనిపించని వెనక దవడ పంటికి ఇప్పటికీ మంచి ఎంపికే. చాలావాటిలో నికెల్ ఉంటుంది కాబట్టి, గిల్టు నగలు పెడితే దురద వచ్చేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

మెటల్-సిరామిక్: లోపల లోహం, పైన పంటి రంగు పింగాణీ. ఎక్కువగా వేసేది ఇదే. చాలా ఏళ్లకు పైపెచ్చు ఊడొచ్చు, చిగురు జారితే అంచున నల్లటి గీత కనిపించొచ్చు.

జిర్కోనియా: లోహం లేదు, తెల్లగా ఉంటుంది, బాగా గట్టిది. ఖరీదు ఎక్కువ. ముందు పళ్లకు లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్ కూడా వాడతారు. చూడ్డానికి అసలు పన్నులాగే ఉంటుంది.

నేను అడిగిన చోట్ల మెటల్ 2-3 వేలు, మెటల్-సిరామిక్ 4-6 వేలు, జిర్కోనియా 8 వేల నుంచి 15 వేల దాకా చెప్పారు. ఊరిని, క్లినిక్కును బట్టి మారుతుంది. నేను మెటల్-సిరామిక్ తీసుకున్నా. '15 ఏళ్ల వారంటీ' కార్డు చూపించి ఖరీదైనది అంటగట్టబోతే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ వారంటీ క్రౌన్‌కు, దాని కింద ఉన్న మీ పంటికి కాదు.

గార పళ్లు, పెళ్లి చూపులు

మూడో కథ మా పిన్ని కూతురిది. డిగ్రీ అయింది, సంబంధాలు చూస్తున్నారు. తను పుట్టి పెరిగిన ఊళ్లో బోరు నీళ్లే దిక్కు. ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, చారలు. ఫొటోల్లో ఎప్పుడూ నోరు మూసుకునే ఉంటుంది.

రాయలసీమలో ఇలాంటి నవ్వులు చాలా ఉన్నాయి. భూమిలోని రాళ్ల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. వానలు తక్కువ, బోర్లు లోతు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం చెప్తుంది. ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ల లోపు, అంతకు మించిన నీళ్లు రోజూ తాగితే మచ్చలు పడతాయి. ఇది మన సమస్యేనని ఇవాళ తెలిసింది కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి రాశారు. అంటే మచ్చలు పిల్ల తప్పు కాదు, బ్రష్ చేయకపోవడం వల్ల వచ్చినవీ కాదు. ఊరి నీళ్ల ముద్ర.

ఒక క్లినిక్కులో చూసి, "పైన ఆరు పళ్లకు జిర్కోనియా క్రౌన్లు వేద్దాం, వారంలో హీరోయిన్ నవ్వు" అన్నారు. ఇంట్లో అందరూ ఊగిపోయారు. పిన్ని చెవి కమ్మలు తాకట్టు పెట్టే దాకా వచ్చింది మాట.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. ఆ పళ్లకు రంగు బాలేదు కానీ, పుచ్చు లేదు, విరగలేదు. గట్టిగా ఉన్నాయి. నాకు క్రౌన్ వేసేటప్పుడు ఎంత పన్ను పోయిందో నాకు తెలుసు. తర్వాత చదివితే లెక్క కూడా దొరికింది. ముందు పంటికి పూర్తి క్రౌన్ వేయాలంటే చిగురు పైన ఉన్న పన్ను బరువులో 63 నుంచి 72 శాతం పోతుందని 2002 నాటి మరో పరిశోధన కొలిచి చెప్పింది. పైపైన అతికించే పల్చటి పెంకుకు, అంటే వెనీర్‌కు, పోయేది 3 నుంచి 30 శాతమే. ఇరవై రెండేళ్ల పిల్లకు ఆరు మంచి పళ్లు అంతలా చెక్కేస్తే, ఆ క్రౌన్లు జీవితాంతం రావు. పది, పదిహేనేళ్లకోసారి మార్చుకుంటూ పోవాలి. ప్రతిసారీ కింద మిగిలేది ఇంకాస్త తగ్గుతుంది. చెక్కిన పళ్లలో కొన్నిటికి నరం దెబ్బతిని రూట్ కెనాల్ అవసరం పడొచ్చు కూడా.

ఇంకో మాట తీసుకుందామని కడపలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లాం. అక్కడ డాక్టరు పళ్లు ఆరబెట్టి, లైటు వేసి చూసి, "క్రౌన్ మాట ఇప్పుడెందుకమ్మా? మచ్చ పైపైనే ఉంది" అన్నారు. ముందు మైక్రో అబ్రేషన్, అంటే పై పొరను మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే యాసిడ్ పేస్టుతో రుద్దడం. తర్వాత బ్లీచింగ్. అప్పటికీ మిగిలితే ఆ మచ్చ మీద పంటి రంగు ఫిల్లింగ్. ఇంకా కావాలంటే వెనీర్లు. క్రౌన్ అన్నిటికంటే చివర. ఎనామిల్ గుంటలు పడి, పెచ్చులు ఊడిపోతున్న తీవ్రమైన కేసులకు.

మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగాం. పాల తెలుపు రాలేదు. కానీ గోధుమ చారలు చాలా వరకు తగ్గాయి. పళ్లు పళ్లుగానే ఉన్నాయి. పిన్ని కమ్మలు పిన్ని చెవులకే ఉన్నాయి. "అన్నా, ఇంగ సెల్ఫీలో నవ్వుతాండా" అని మెసేజ్ పెట్టింది.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇంకో విషయం. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. ఊళ్లో మంచి ఆర్వో ప్లాంటు ఉంటే పిల్లలకు తాగడానికి ఆ నీళ్లే వాడండి.

ఎక్కడికి వెళ్లాలి?

కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత కళాశాల, కర్నూల్లో జి.పుల్లారెడ్డి దంత కళాశాల ఉన్నాయి. కళాశాలల్లో సాధారణంగా ఖర్చు తక్కువ. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్లెదుట చేస్తారు కాబట్టి టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది. ఓపీకి ఉదయాన్నే వెళ్లండి. పుచ్చు, రూట్ కెనాల్ పని ఎండోడాంటిక్స్ విభాగంలో, క్రౌన్ పని ప్రోస్తోడాంటిక్స్ విభాగంలో చూస్తారు. ఈ రెండు పేర్లు తెలిస్తే కారిడార్లలో తిరిగే పని సగం తగ్గుతుంది.

వేయించుకున్నాక...

క్రౌన్‌కు పుచ్చు పట్టదు. దాని కింద అంచున ఉన్న మన పంటికి పడుతుంది. క్రౌన్లు పాడయ్యే పెద్ద దారుల్లో అదొకటి. అందుకే చిగురు, క్రౌన్ కలిసే చోట రోజూ రెండుసార్లు బ్రష్ ఆడించాలి. పళ్ల సందుల్లో ఫ్లాస్ దారం లాగాలి. వక్క కొరకడం, సోడా మూతలు పంటితో తీయడం మానేయాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే డాక్టరుకు చెప్తే నైట్ గార్డ్ ఇస్తారు.

క్రౌన్ కదిలినా, ఊడినా సూపర్ గ్లూతో అతికించే ప్రయోగాలు వద్దు. కడిగి డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. చాలాసార్లు అదే క్రౌన్ మళ్లీ అతికించొచ్చు. వాపు, చీము, అదే పని సలుపు వస్తే రేపు చూద్దామనుకోవద్దు.

కుర్చీలో కూర్చునే ముందు అడగాల్సినవి

ఈ ఐదు ప్రశ్నలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1. నా పంటికి క్రౌన్ ఎందుకు? ఎక్స్‌రేలో, అద్దంలో చూపిస్తారా?
2. ఫిల్లింగో, ఇంకేదైనా చిన్న పనో సరిపోదా?
3. వేయకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్లు ఆగొచ్చు?
4. ఈ పంటికి ఏ మెటీరియల్ చాలు? అన్నీ కలిపి ఎంత?
5. ఎత్తు తగిలితే, ఊడితే మళ్లీ సరిచేయడానికి డబ్బు తీసుకుంటారా?

మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. చూపించి చెప్తారు. పన్ను నిజంగా బలహీనంగా ఉందని కళ్లతో చూశారా, ఇక వాయిదా వేయకండి. అప్పుడు వేసేది పంటికి టోపీయే. చూపించకుండా 'వేసేద్దాం' అంటే మాత్రం, ఇంకో డాక్టరుకు చూపించేదాకా నోరు మూసుకుని లేచి రండి.